మూడో బూరకి ముందు

షిఫ్టు 4112

ఈ పుస్తకంలో రాయాల్సింది గాలి ఒత్తిడి అంకెలు. గంటకోసారి ముల్లు ఎక్కడుందో చూసి, రాసి, కింద సంతకం పెట్టాలి. ఇవాళ్టి నుంచి నా గోల కూడా ఇందులోనే రాస్తాను. ఎవరైనా పెద్దమనిషి చదివి మొహం చిట్లించుకుంటే చిట్లించుకోనీ. నా తమ్ముడు పోయాడు. ఇంక ఎవరి మొహంతోనూ నాకు పని లేదు.

నా పేరు కెజియా. ఎఫ్రాయిం గుంటలో రెండో పంపు నాది. గుంటంటే చంద్రుడి దక్షిణాన ఎండ ఎప్పుడూ తగలని గొయ్యి, అడుగంతా మంచు. నా పంపు కింద మంచు కొట్టేవాళ్లు ఆరుగురు. వాళ్ల వీపులకి ఆరు గొట్టాలు, అన్నీ వచ్చి చేరేది నా పంపుకి. పాత పంపు, దానంతట అది సర్దుకోదు. షిఫ్టు సాంతం మీట మీద చెయ్యేసుకుని కూచోవాలి. ముల్లు పచ్చగీత దాటితే కిందున్నవాళ్లకి చెవుల్లోంచి రక్తం, దిగితే కళ్లు తిరిగి పడిపోతారు. పదిహేనేళ్లలో ఒక్కరిని కూడా పడనివ్వలేదు.

ఇవాళ మూడో గంటలో నాలుగో గొట్టం ముల్లు ఉన్నట్టుండి సున్నాకి పడింది. నాలుగో గొట్టం యోతాముది. నా తమ్ముడిది.

పక్కన మంచు కొడుతున్నది తిర్స పిన్ని కొడుకు ఓబేదు. డ్రిల్లు తిరుగుతుండగా దాని ములుకు పిడిలోంచి ఊడి ఎగిరింది. అక్కడ అడుగున గాలి లేదు, బరువు తక్కువ, ఎగిరింది ఎక్కడో ఒకచోట గుచ్చుకునేదాకా ఆగదు. నా తమ్ముడి హెల్మెట్ అద్దం పగలగొట్టి, ఎడమ కంట్లో దిగి, వెనక పుర్రెకి తగిలి ఆగింది. లిఫ్టులో పైకి తెచ్చేసరికి హెల్మెట్ నిండా గడ్డకట్టిన నెత్తురు. విప్పితే మొహం కూడా దాంతో ఊడొస్తుందేమోనని ఎవరూ ముట్టుకోలేదు. నేనే విప్పాను. కొంత ఊడొచ్చింది.

తర్వాత నేను మంచుకోత కత్తి తీసుకున్నాను.

ఓబేదు అప్పటికే పరిగెత్తాడు. ఎక్కడికి పరిగెత్తాలో గుంటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. సొరంగం ప్రతి మలుపులోనూ ఎర్ర అక్షరాలతో "ఆశ్రయం" అని బాణం గుర్తు వేసి ఉంటుంది. తెలియక మనిషిని చంపినవాడు దారి తప్పకుండా ఆశ్రయపురానికి చేరాలని ధర్మశాస్త్రం. పెద్దలు ఆ బోర్డులు రాయిస్తున్నప్పుడు కడుపు పట్టుకుని నవ్వినదాన్ని నేనే. చంద్రుడి మీద మోషే కాలం నాటి చట్టమేంటయ్యా అన్నాను.

పురం గేటుకి నాలుగడుగుల దూరంలో దొరికాడు. జుట్టు పట్టుకుని వెనక్కి లాగి కత్తి దించాను. మెడకి గురిపెట్టాను, వాడు మెలికలు తిరగడంతో భుజంలో దిగింది. ఎముక తగిలి కత్తి పక్కకి జారింది. వాడు కేక పెట్టి నన్ను మోచేత్తో గుద్ది, గీత మీదుగా అవతల పడ్డాడు. నేనూ దూకబోయాను. గేటు కాపలా అజర్యా కరెంటు కర్రతో నా మూతి మీద కొట్టాడు. పన్ను ఒకటి ఊడింది.

"గీత దాటితే నువ్వు హంతకురాలివి కెజియా! వాడు దాటితే నీవాడు. అంతవరకూ ముట్టుకోకు!" అని అరిచాడు అజర్యా.

నెత్తురు ఉమ్మేసి, "దాటతాడు" అన్నాను.

షిఫ్టు 4115

ఇవాళ పంచాయితీ. ముగ్గురు పెద్దలు, నడిమధ్య ఎల్కానా తాత. భూమి మీది కోర్టుకి ఫిర్యాదు పంపితే జవాబు వచ్చేసరికి ఇక్కడ ఇంకో నలుగురు పోతారని, పన్నెండేళ్ల కిందట గుంటంతా చేతులెత్తి మన చట్టం మనదే అని ఒప్పుకుంది. ఆ రోజు నేను చెయ్యి ఎత్తలేదు. నిద్రపోతున్నాను.

ఎల్కానా తాత నన్నే ముందు అడిగాడు. "అమ్మాయ్, మన పెద్దల ఊరు గుంటూరులో పొద్దుగూకితే మనకి విశ్రాంతిదినం మొదలు. ఆ పూట నువ్వు పంపు నడిపితే తప్పులేదు, అది ప్రాణం నిలిపే పని. కానీ ఇంటికెళ్లి పప్పుచారు కాచుకుంటావు, పాటలు పెట్టుకుంటావు, బట్టలు కుట్టుకుంటావు. పస్కా పండక్కి తినకూడని పొంగిన రొట్టె తింటావు. ఇప్పుడు నీకు ధర్మశాస్త్రం ఎందుకు గుర్తొచ్చింది?"

ఒళ్లు మండిపోయింది. "నా తమ్ముడి మొహం నా చేతిలోకి ఊడొచ్చింది కాబట్టి గుర్తొచ్చింది తాతా. చచ్చినవాడికి దగ్గరి మనిషి చంపినవాణ్ని చంపాలని రాసి ఉందా లేదా? మా అమ్మానాన్నలు లేరు. దగ్గరి మనిషిని నేనే. నా హక్కు నాకివ్వండి."

తిర్స పిన్ని లేచింది. ఆవిడ మొదటి పంపు కింద మంచు కొడుతుంది, ఏభైఎనిమిదేళ్లొచ్చినా మగాళ్లకంటే ఎక్కువ తవ్వుతుంది. చిన్నప్పటి నుంచి పిన్నీ పిన్నీ అని కొంగు పట్టుకుని తిరిగినదాన్ని. "అది ఎడారిలో డేరాలు వేసుకున్నవాళ్లకి రాసిన మాట. అప్పుడు పోలీసు లేడు, జైలు లేదు. మన గుడి పడిపోయి రెండు వేల ఏళ్లు దాటింది, బలులు పోయాయి, ఎన్ని పోలేదు? పస్కా చెయ్యండి, పండగలు చెయ్యండి, నేనూ చేస్తాను. మనిషిని చంపమని మనిషికి అప్పగించే ఈ చట్టం మాత్రం చచ్చిపోయింది. దాన్ని తవ్వి తీయకండి" అంది.

"జైలు ఇప్పుడు మాత్రం ఎక్కడుంది పిన్నీ? చూపించు, వేద్దాం నీ కొడుకుని!" అన్నాను. ఆవిడ కూచుంది.

యోతాముకీ ఓబేదుకీ మధ్య పాత పగ ఏమన్నా ఉందా అని పెద్దలు ఆరా తీశారు. కోపంతో మూడు రోజులు మాట్లాడుకోకుండా ఉంటేనే శత్రువులని లెక్క. ఉందని చెప్పాను. అబద్ధం. ఆ రోజు పొద్దున్నే ఇద్దరూ ఒకే గిన్నెలో ఉప్మా తిన్నారని, ఒకడి చెంచా ఒకడు లాక్కున్నారని అయిదుగురు సాక్ష్యం చెప్పారు. నేను తలొంచుకోలేదు.

ఎల్కానా తాత చదివి వినిపించాడు. చెట్టు కొడుతుండగా గొడ్డలి పిడి ఊడి పొరుగువాడికి తగిలి చస్తే, కొట్టినవాడు ఆశ్రయపురానికి పారిపోయి బతకాలి. మన గుంట ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అక్కడే ఉండాలి. యాజకుడు పోయిన రోజు అందరికీ విడుదల, ఆ తర్వాత వాణ్ని ముట్టుకుంటే హత్య. ఈలోగా హద్దు దాటితే చంపే హక్కు నాది. బయట మైదానంలో పురం చుట్టూ రెండు వేల మూరలు హద్దు, దాని మీద పసుపు దీపాలు; సొరంగం వైపు గేటు గీతే హద్దు.

"నువ్వు అడిగిన చట్టమే ఇచ్చాం కెజియమ్మా. మొత్తం ఇచ్చాం, సగం కాదు" అన్నాడు తాత.

"చాలు" అన్నాను.

షిఫ్టు 4131

పురానికి గాలి తీసుకెళ్లే పెద్ద గొట్టం బయట మైదానం మీదుగా పోతుంది. దాని అతుకులు తనిఖీ చేసే పని ఎవరికీ ఇష్టం ఉండదు, సూటు తొడుక్కుని మూడు గంటలు నడవాలి. పంపు దిగాక ఆ పని కూడా నేనే అడిగి తీసుకున్నాను. అతుకులు చూస్తానో లేదో కానీ పసుపు దీపాలు మాత్రం రోజూ చూస్తాను.

నాలుగు రోజుల కిందట సొరంగం గేటు దగ్గర కూడా నిలబడ్డాను. పురంలో హూషై అనే ముసలాయన ఉన్నాడు, తొమ్మిదేళ్లయింది. ఆయన తోలుతున్న మంచుబండి బ్రేకు పడక ఒకతన్ని తొక్కేసింది. మనవరాలు చూడ్డానికొచ్చింది, అప్పుడే నడక నేర్చిన పిల్ల. గీత ఇవతల బోర్లా పడి ఏడ్చింది. ముసలాయన ఆలోచించలేదు, ఒక్క అడుగు ఇవతల వేసి లేవనెత్తబోయాడు. చచ్చినవాడి అన్నదమ్ములిద్దరూ ఆ మూలే నిలబడి ఉన్నారు. ఒకడు ఆయన కాళ్లు పట్టి లాగాడు, ఇంకొకడు రెంచితో కొట్టాడు. మొదటి దెబ్బకి దవడ వేలాడింది. రెండోదానికి కన్ను బయటికొచ్చింది. ఆ తర్వాత ఎన్ని కొట్టాడో నేను చూడలేదు, పిల్లని ఎత్తుకుని మొహం నా పొట్టకి అదుముకున్నాను. చప్పుడు మాత్రం వినపడింది. అజర్యా కర్ర పట్టుకుని గీత అవతలే నిలబడి ఏడ్చాడు. ఇవతల జరిగింది చట్టబద్ధం కదా.

ఇంటికొచ్చి కక్కుకున్నాను. కక్కుకున్నాక, అయితే చట్టం పనిచేస్తోంది అనుకున్నాను. ఛీ, నా మొహం. అదే అనుకున్నాను, దాచిపెట్టడమెందుకు?

పురంలో ఉన్నవాళ్లకి ప్రధాన యాజకుడి తల్లి రోజూ భోజనం పంపుతుంది. ఆవిడకి ఎనభై దాటాయి. పప్పు, రొట్టె, గోంగూర పచ్చడి, చలికి ఊలు స్వెట్టర్లు. అది కూడా పాత ఆచారమే. కొడుకు త్వరగా చావాలని వాళ్లు ప్రార్థన చెయ్యకుండా ఉండటానికట. యాజకుడికి అరవై నాలుగేళ్లు, ఊపిరితిత్తులు పాడయ్యాయి.

ప్రార్థనంటే ఏంటో మర్చిపోయిన నేను ఇప్పుడు రోజూ మూడుసార్లు చేస్తున్నాను. దేవుడా, ప్రధాన యాజకుణ్ని చల్లగా చూడు. నూరేళ్లు బతికించు. ఓబేదు పసుపు దీపం దాటేదాకా బతికించు, చాలు.

షిఫ్టు 4140

ప్రధాన యాజకుణ్ని మిషను మీద పెట్టారు. వారం అంటున్నారు డాక్టర్లు, ఇంకొందరు రెండు రోజులంటున్నారు. పోయిన క్షణంలో హెచ్చరికల చానెల్లో కొమ్ముబూర మూడుసార్లు ఊదుతారు. గుంటలో, పురంలో, బయట మైదానంలో, ప్రతి హెల్మెట్లోనూ వినపడుతుంది. పురంలో గేటు దగ్గర మూటలు కట్టుకుని కూచున్నారట.

నాకు తిండి దిగడం లేదు. యోతాము బట్టలు ఇంకా ఉతకలేదు, వాటి వాసన పోతోంది. వాడి వాసన పోతోంది, వీడి గడువు దగ్గరపడుతోంది. ఎవరి మీద అరవాలో తెలియక మీటని తన్నాను, కాలు వాచింది.

షిఫ్టు దిగుతుండగా తిర్స పిన్ని వచ్చింది. నా ముందు మోకాళ్ల మీద కూచుంది. గని దుమ్ముతో చేతులు నల్లగా ఉన్నాయి.

"కెజియా, గీత దగ్గర కాపలా మానేయవే. ఆ నాలుగు రోజులు వాడికి గడవనియ్యి. యోతాము నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు కాదా? నాకు ఏడుపు లేదనుకున్నావా?"

"నీ ఏడుపు నాకొద్దు."

"పోనీ, ప్రాణానికి ప్రాణం కావాలంటే నాది తీసుకో."

"కొడుకు బదులు తల్లిని చంపకూడదని కూడా రాసుంది పిన్నీ. చదవలేదా?"

ఆవిడ నా కాళ్లు పట్టుకుంది. విదిలించాను. విదిలించానా, తన్నానా? తన్నాను. చెవి దగ్గర తగిలింది. నేల మీద పడి, మెల్లగా లేచి, చెవి పట్టుకుని వెళ్లిపోయింది. నేను వెనక నుంచి పిలవలేదు.

షిఫ్టు 4143

వరసగా రాస్తాను, ఏదీ వదలకుండా.

షిఫ్టు మధ్యలో గుంట ఊగింది. చంద్రుడికి అప్పుడప్పుడూ వణుకు వస్తుంది, ఇవాళ్టిది పెద్దది. కిందవాళ్లని లిఫ్టులో పైకి తెచ్చేశాం, అందరూ క్షేమం. అంతలో కబురు: పురానికి వెళ్లే పెద్ద గొట్టం మైదానం మీద తెగింది. సొరంగం కూడా కూలి మూసుకుపోయింది. పురంలో ఉన్నవి పంతొమ్మిది ప్రాణాలు, గాలి నలభై నిమిషాలకి మించి లేదు. ఆ గొట్టం మనిషిని నేనే కాబట్టి నన్నే పరిగెత్తమన్నారు.

సూటు తొడుక్కుని బండి మీద వెళ్లాను. మాటల చానెల్ పోయింది, అంతా గరగర. హెచ్చరికల చానెల్ ఒక్కటే పచ్చదీపం చూపిస్తోంది, అది వినడానికే కానీ మాట్లాడటానికి పనికిరాదు.

తెగిన అతుకు పసుపు దీపాలకి అరవై మూరలు ఇవతల ఉంది. ఇవతల. అక్కడ అప్పటికే ఒక మనిషి మోకాళ్ల మీద కూచుని వెల్డింగ్ చేస్తున్నాడు. సూటు ఎడమ భుజం వంకర చూసి గుర్తుపట్టాను. అది నా కత్తి చేసిన వంకర.

నన్ను చూసి వాడు పారిపోలేదు. లేచి, రెండు చేతులూ కనపడేలా పెట్టి, నా దగ్గరికొచ్చి హెల్మెట్ని నా హెల్మెట్కి ఆనించాడు. అలా ఆనిస్తేనే మాట వినపడుతుంది. వాడి మొహం జానెడు దూరంలో ఉంది. చెమట, నూగు మీసం, ఇరవై ఆరేళ్లు.

"అక్కా, లోపల వెల్డింగ్ వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. హద్దు దాటానని తెలుసు. ముందు ఇది అతకనీ. తర్వాత నీ ఇష్టం."

"అతుకు" అన్నాను.

అతికాడు. నేను గొట్టం రెండు కొసలూ కలిపి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పనిచేశాం, ఏ రోజూ తగాదా లేనివాళ్లలా. వాడు చెయ్యి చూపిస్తే నేను కొస తిప్పాను, నేను తలూపితే వాడు మంట తగ్గించాడు. మూడొంతులు అయింది. నడుముకి వేలాడుతున్న కత్తి బరువు నాకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు బూర మోగింది.

మొదటి ఊదు. చాలా పొడుగ్గా, బొంగురుగా, చెవి లోపలే మోగినట్టు. నాకు బాగా వినపడింది. ఇది రాస్తున్నది అందుకే. అదేంటో నాకు తెలియదని కానీ, ఇంకేదో అనుకున్నానని కానీ ఎవరూ నా తరఫున చెప్పొద్దు. ప్రధాన యాజకుడు పోయాడు. ఓబేదుకి విడుదల అయింది. నాకు ఆ మాట మొత్తం, స్పష్టంగా, వెంటనే అర్థమైంది.

వాడు మంట ఆర్పి హెల్మెట్ ఆనించాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "విన్నావా అక్కా? అయిపోయింది! ఇంటికెళ్లిపోవచ్చు. అక్కా, నీకు దణ్ణం పెడతా, యోతాము సమాధి దగ్గరికి ముందు నువ్వే తీసుకెళ్లు నన్ను..."

ఆ పేరు వాడి నోట రావడం నాకు పడలేదు. మెడ కింద, సూటు కాలరు హెల్మెట్ని కలిసే మెత్తని చోట కత్తి దించాను. పిడి దాకా. పక్కకి లాగాను. గాలి తెల్లగా చిమ్మింది, దాంతో పాటు నెత్తురు. బయటికొచ్చిన నెత్తురు ఉడుకుతూనే గడ్డకట్టింది, ఎర్రటి పొడిలా నా అద్దం మీద పడింది. వాడు నన్ను కొట్టలేదు. రెండు చేతులతో నా మణికట్టు పట్టుకున్నాడు, నేనే వాణ్ని కాపాడాలన్నట్టు. రెండో ఊదు మోగింది. కత్తి తీసి మళ్లీ పొడిచాను, కడుపులో, రెండుసార్లు. మోకాళ్లు మడతపడ్డాయి. మూడో ఊదు మోగేసరికి వాడి కాళ్లు కొట్టుకోవడం ఆగింది.

నాకేమీ తేలిక కాలేదు. తమ్ముడు తిరిగి రాలేదు.

అతుకు ఇంకో వంతు మిగిలి ఉంది. లోపల పద్దెనిమిది మంది. వాడి చేతిలోంచి వెల్డింగ్ గన్ తీసుకోబోతే వేళ్లు రాలేదు, ఒక్కొక్కటే విడదీశాను. వాడి పక్కనే కూచుని అతికాను. నాకు వెల్డింగ్ సరిగ్గా రాదు, వంకరగా వచ్చింది, అయినా గాలి నిలిచింది. వాల్వు తిప్పాను. పురంలో దీపాలు మళ్లీ వెలిగాయి.

షిఫ్టు 4145

నేనే పెద్దల దగ్గరికి వెళ్లాను. కత్తి బల్ల మీద పెట్టాను.

ఎల్కానా తాత కళ్లు వాచి ఉన్నాయి, ప్రధాన యాజకుడు ఆయన చిన్ననాటి స్నేహితుడు. పక్కనున్న పెద్దాయన నన్ను ఆదుకోబోయాడు. "హద్దుకి అరవై మూరలు ఇవతల కదా. చానెళ్లు కూడా పోయాయి. బూర వినపడి ఉండదు. వినపడకముందే కొట్టి ఉంటుంది. అయితే హక్కున్న పనే."

ఇంకో పెద్దాయన, "మూడో బూర ఆగితేనే విడుదల పూర్తయినట్టు లెక్క. మూడోదానికి ముందు కొడితే?" అని మొదలెట్టాడు.

"విన్నాను" అన్నాను. "మొదటిదే విన్నాను. అర్థమయింది. వాడు అయిపోయిందక్కా అని చెప్పాడు కూడా. తర్వాత పొడిచాను. ఇది హత్య. హంతకుడికి ఏం రాసుందో అది చెయ్యండి."

తిర్స పిన్ని వెనక బెంచీలో ఉంది. నన్ను కాదు, బల్ల మీది కత్తిని చూస్తోంది.

తాత గడ్డం నిమురుకున్నాడు. "చూసినవాళ్లెవరు?"

"నేనే చెప్తున్నా కదా!"

"నిన్ను కాదమ్మా అడిగింది. మరణశిక్షకి ఇద్దరు సాక్షులుండాలి. ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ చంపకూడదు. ఎవరి నోటితో వాళ్లు తమని దోషులుగా చేసుకోవడానికి వీల్లేదు. నీ ప్రాణం నీ సొత్తు కాదు, ఇచ్చేయడానికి."

"నా హెల్మెట్లో రికార్డుంది. బూర ఎప్పుడు మోగిందీ, కత్తి ఎప్పుడు దిగిందీ సెకన్లతో సహా ఉంది. వినండి!"

"యంత్రం సాక్షి కాదు. దానికి దేవుడి భయం లేదు."

నవ్వొచ్చింది. పిచ్చి నవ్వు. "తాతా, ఎవడో మూడు వేల ఏళ్ల కిందట రాసిన దాన్ని పట్టుకుని, ఎదురుగా నిలబడి చంపానంటున్న మనిషిని వదిలేస్తారా?"

"నెల కిందట అదే మూడు వేల ఏళ్ల నాటి మాట పట్టుకుని ఇక్కడే నిలబడి హక్కు అడిగావు. ఇచ్చాం." తాత కత్తిని పక్కకి జరిపాడు. "ఇప్పుడు నీ మీద అది నడవదని కూడా అందులోనే ఉంది. నాకు మాత్రం ఇష్టమా? నేనే రాసి ఉంటే వేరేగా రాసేవాణ్ని. వెళ్లు."

పురానికి వెళ్లాను. కూలిన సొరంగం అప్పటికి తవ్వేశారు. అజర్యా గేటు తీయలేదు. "తెలియక చంపినవాళ్లకే ఇక్కడ చోటు. పెద్దలు నీకు ఏ తీర్పూ ఇవ్వలేదు. నువ్వు ఇక్కడికీ చెందవు, ఎక్కడికీ చెందవు. పో కెజియా" అన్నాడు. ఓబేదు తినే గిన్నె ఆయన చేతిలో ఉంది, కడుగుతున్నాడు.

ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టలేదు. ఎవరూ రాలేదు.

షిఫ్టు 4150

అయిదు రోజులు పంపుకి సెలవు పెట్టమన్నారు, పెట్టాను. ఇవాళ మళ్లీ ఎక్కాను. కిందకి దిగేవాళ్లు వరసగా వచ్చి వీపు తిప్పుతారు, నేను గొట్టం బిగిస్తాను. ముగ్గురు నా మొహం చూడకుండా బిగింపించుకుని వెళ్లారు. నాలుగో గొట్టం దగ్గర అడుగుల చప్పుడు విని తలెత్తాను. తిర్స పిన్ని.

"నీ పంపు మొదటిది కదా" అన్నాను.

"మార్పించుకున్నాను."

వీపు తిప్పింది. చెవి దగ్గర నేను తన్నిన చోట ఇంకా పచ్చగా కమిలి ఉంది. నా చేతులు కదల్లేదు.

"బిగించు" అంది.

"పిన్నీ, వద్దు. ఇంకో పంపుకి పో. నా చేత్తో... ఈ చేత్తో నీకు గాలెలా పంపను? చంపు నన్ను. తలుపు గడియ పెట్టడం లేదు, రోజూ నీకోసమే చూస్తున్నాను. ఎవరూ అడగరు నిన్ను."

ఆవిడ ఇటు తిరిగింది. కళ్లలో చుక్క నీళ్లు లేవు.

"ఆ చట్టం చచ్చిపోయిందని నలుగురిలో చెప్పినదాన్ని నేను. నా కొడుకు పోయాడని మాట మారుస్తానా? నువ్వు మార్చినట్టు?" నా చెయ్యి పట్టుకుని తన వీపు మీది బిగింపు దగ్గర పెట్టింది. వేళ్లు గట్టిగా నొక్కింది, నొప్పి పుట్టింది. "పెద్దలు నిన్ను వదిలేశారు. నేను వదల్లేదు. నేను బతికున్నన్నాళ్లూ దిగుతాను, రోజూ దిగుతాను. నువ్వు రోజూ ఆరు గంటలు ఈ మీట మీద చెయ్యేసుకుని నా ఊపిరి చూసుకుంటూ కూచోవాలి. నాకు దగ్గొస్తే నీకు ముల్లు ఊగాలి. నాకు జ్వరమొస్తే నీకు తెలియాలి. నా కొడుక్కి తెగ్గోసిన గాలి నాకు పొయ్యి."

"చెయ్యి వణికితే?"

"వణకనివ్వకు. కింద అయిదుగురుంటారు నా పక్కన. ఇద్దరు చాలు కదా సాక్ష్యానికి."

వీపు తిప్పింది. బిగించాను. ఒకసారి లాగి చూసి, మళ్లీ బిగించాను. ఆవిడ లిఫ్టెక్కి దిగిపోయింది.

గంట ఒకటి: నాలుగో గొట్టం, పచ్చగీత మీద. గంట రెండు: పచ్చగీత మీద. మూడో గంటలో ఆవిడ గట్టిగా కొడుతున్నట్టుంది, ముల్లు వేగంగా ఊగింది, సర్దాను. ఇప్పుడు నాలుగో గంట. ఒంటికి వెళ్లాలనుంది, వెళ్లను. ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. కుడి చెయ్యి మీట మీద ఉంది.